బొటనవేలి తీర్పు

సైకిలు కొట్టులో మనం సీటు ఎంచుకునే తీరును ఎప్పుడైనా గమనించారా? వరసగా తగిలించి ఉన్న సీట్ల ముందు నిలబడి ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో నొక్కి చూస్తాం, సంతలో మామిడిపండు మగ్గిందో లేదో చూసినట్టు. వేలు దేనిలో లోతుగా దిగబడితే అది సుఖమైన సీటని తేల్చుకుంటాం. "ఇది జెల్ సీటండీ, చాలా మెత్తగా ఉంటుంది" అని కొట్టతను కూడా దానికే వత్తాసు పలుకుతాడు. బేరం కుదిరిపోతుంది.

ఈ టపాలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ తీర్పు చెప్పే అర్హత బొటనవేలికి లేదు. మెత్తదనం వేరు, సుఖం వేరు. కొండదారుల కోసం పుట్టిన మౌంటెన్ బైకు విషయంలోనైతే ఈ రెండూ చాలాసార్లు ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి కూడా. ఇంత చిన్న వస్తువు గురించి ఇంత పట్టుదల ఎందుకని మీరడగవచ్చు. ఎంతో ఉత్సాహంగా సైకిలు కొన్నవాళ్ళలో చాలామంది నెల తిరక్కుండానే దాన్ని బాల్కనీలో బట్టలారేసుకునే దండెంగా మార్చేస్తున్నారు. ఎందుకు మానేశారని అడిగితే తీరిక లేదంటారు, ఎండలంటారు, ట్రాఫిక్ అంటారు. అవన్నీ నిజమే కావచ్చు. కానీ వాళ్ళలో కొందరికి ఉన్న అసలు కారణం పైకి చెప్పుకోలేనిది. నొప్పి పుట్టిన చోటు అలాంటిది మరి!

ముందుగా మాట సంగతి చూద్దాం. ఇంగ్లీషువాడు కుర్చీలో ఉన్నదాన్ని సీటు అంటాడు, సైకిలు మీద ఉన్నదాన్ని శాడిల్ అంటాడు. మనం రెండింటినీ సీటనే అంటున్నాం. శాడిల్‌కు సరిపోయే మాట మనకు లేక కాదు. ఫారసీ నుంచి వచ్చి మనలో కలిసిపోయిన 'జీను' ఉండనే ఉంది. కాకపోతే దాన్ని గుర్రానికే వదిలేశాం. సైకిలు గురించి అంతర్జాలంలో ఎన్నో పుటలు రాసిపెట్టి 2008లో కన్నుమూసిన అమెరికన్ మెకానిక్ షెల్డన్ బ్రౌన్ ఈ తేడాను పట్టి చూపించాడు. మన బరువు మొత్తం మోసేది సీటు. అందులో కొంత భాగమే మోసేది శాడిల్. గుర్రపు రౌతు తన బరువును జీను మీదా, రికాబుల మీదా పంచుతాడు. సైకిలు తొక్కేవాడు పెడళ్ళ మీదా, హ్యాండిల్ మీదా, జీను మీదా పంచుతాడు. ఆ పంపకం చెడితే మాత్రం ఎంత ఖరీదైన మెత్త అయినా కాపాడలేదు. కాబట్టి ఇకమీదట నేను దీన్ని జీను అనే పిలుస్తాను. పేరు మారితే మనం అడిగే ప్రశ్న కూడా మారుతుందని నా ఆశ.

ఇక శరీరం సంగతి. ఒక గట్టి చెక్కపీట మీద కూర్చుని, రెండు అరచేతులూ పిరుదుల కిందికి జొనిపి చూడండి. అటొకటి ఇటొకటి రెండు ఎముకలు గట్టిగా తగులుతాయి. కటి వలయానికి అడుగున ఉండే ఈ గుబ్బలే కూర్చున్నప్పుడు మన బరువు మోయడానికి ప్రకృతి ఇచ్చిన ఏర్పాటు. వైద్యుల పుస్తకాల్లో వీటికి నోరు తిరగని లాటిన్ పేరుంది. నా మటుకు నేను 'పీటెముకలు' అని పెట్టుకున్నాను. ఇంతకన్నా మంచి మాట తోస్తే వ్యాఖ్యల్లో చెప్పండి, మార్చుకుంటాను. ఈ రెండు ఎముకల నడుమ, యోగశాస్త్రం మూలాధారమని చెప్పే చోట, ఎముక ఆసరా లేదు. అక్కడున్నవన్నీ మెత్తని కండరాలు, రక్తనాళాలు, నాడులు. జననాంగాలకు స్పర్శనిచ్చే ముఖ్యమైన నాడి ఒకటి ఆ దాపునే వెళుతుంది. దాని పేరు ప్యుడెండల్ నాడి. సిగ్గుపడవలసినది అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఆ పేరు వచ్చింది. పేరు పెట్టినవాళ్ళే సిగ్గుపడ్డారంటే, ఇక కొట్లో నిలబడి అడగవలసిన మనం ఎంత!

మంచి జీను చేయవలసిన పని ఇప్పుడు తేలికగానే అర్థమవుతుంది. బరువును పీటెముకల మీద నిలపాలి, మూలాధారం మీద పడనివ్వకూడదు. అంతే. మరి మెత్తటి జీను చేసేదేమిటి? మనం కూర్చోగానే రెండు ఎముకలూ ఆ స్పాంజిలోకో జెల్‌లోకో దిగబడిపోతాయి. అవి దిగినకొద్దీ నడిమి భాగం వాటికన్నా ఎత్తులో నిలిచి, కింది నుంచి పైకి ఒత్తుతుంది. పిండి ముద్దను రెండు వేళ్ళతో నొక్కితే వేళ్ళ సందున పిండి ఉబికి వచ్చినట్టే. బరువు మోయవలసిన ఎముకలు తప్పుకుంటాయి, మోయకూడని నాడులు ఇరుక్కుంటాయి. సోఫాలో ఈ బెడద లేదు. అక్కడ మనం కాళ్ళాడించం, తొడల నడుమ ముక్కులాంటి భాగమూ ఉండదు. సైకిలు మీద నిమిషానికి 60 నుంచి 90 సార్లు కాళ్ళు తిరుగుతుంటాయి. మెత్త ఎక్కువైతే ప్రతి తిప్పుకూ చర్మం దానికి రాసుకుంటుంది, వేడెక్కుతుంది, చెమటకు ఒరుసుకుపోతుంది. మొదటి పది నిమిషాలూ హాయిగా ఉన్న జీను గంట గడిచేసరికి శత్రువవుతుంది. కొట్లో మనం పరీక్షించేదేమో ఆ మొదటి పది నిమిషాలనైనా కాదు, పది క్షణాలను!

"మరి మా నాన్నగారి సైకిలుకు స్ప్రింగుల సీటుండేది. ఇరవై ఏళ్ళు దాని మీదే ఆఫీసుకు వెళ్ళొచ్చారు, ఏమీ కాలేదే!" అని మీలో ఎవరో అనబోతున్నారని నాకు తెలుసు. ఆయన మాట ముమ్మాటికీ నిజం. ఆ పాత నల్ల సైకిలు మీద మనిషి నిటారుగా కూర్చుంటాడు. హ్యాండిల్ ఎత్తుగా, వెనక్కి వంగి ఉంటుంది. బరువులో చాలా భాగం పీటెముకల వెనక భాగం మీదే పడుతుంది. అందుకే వాటికి వెడల్పాటి జీను, గుంతలకు స్ప్రింగులు సరిపోయేవి. చాలా జీనుల్లో స్పాంజి ఊసే ఉండేది కాదు. గట్టి తోలును ముందుకూ వెనక్కూ బిగించి కట్టిన ఊయలలాంటి నిర్మాణమది. బర్మింగ్‌హామ్‌లో జాన్ బూల్ట్‌బీ బ్రూక్స్ 1866లో తోలు వ్యాపారం మొదలుపెట్టి, 1882లో సైకిలు జీనుకు పేటెంటు కోరాడు. ఆ తరహా తోలు జీనులు ఇప్పటికీ తయారవుతున్నాయి, వాటికి వీరాభిమానులూ ఉన్నారు. బొటనవేలితో నొక్కి చూస్తే అవి పలక ముక్కలా గట్టిగా ఉంటాయి. తొక్కగా తొక్కగా మనిషి ఎముకలకు తగినట్టు సాగి కుదురుకుంటాయి. నాన్నగారి అనుభవం మెత్తదనానికి సాక్ష్యం చెప్పడం లేదు, భంగిమకు తగిన జీనుకు సాక్ష్యం చెబుతోంది. బురదలో, వానలో నానితే పాడవుతుంది కాబట్టి ఆ తోలు జీనును కొండదారికి మాత్రం నేను సిఫారసు చేయను.

మౌంటెన్ బైకు మీద భంగిమ వేరు. హ్యాండిల్ తిన్నగా, వెడల్పుగా ఉంటుంది. నడుము కొంత ముందుకు వంగుతుంది, దానితోపాటు కటి భాగం కూడా ముందుకు తిరుగుతుంది. పీటెముకల అడుగు భాగం ముందుకు పోనుపోను దగ్గరవుతూ V ఆకారంలో ఉంటుంది. అందువల్ల ముందుకు వంగినకొద్దీ జీనుకు ఆనే బిందువుల మధ్య దూరం తగ్గుతుంది, మూలాధారం జీనుకు దగ్గరవుతుంది. నిటారుగా కూర్చునేవాడికి సరిపోయిన వెడల్పు వంగి కూర్చునేవాడి తొడలకు అడ్డం పడటానికి కారణమిదే. ఒకే మనిషికి రెండు సైకిళ్ళ మీద రెండు రకాల జీనులు కావలసి వస్తే ఆశ్చర్యపోనక్కరలేదు.

కొండ మరో మెలిక పెడుతుంది. అక్కడ మనిషి ఒక్కచోట కూర్చోడు. నిట్టనిలువు ఎక్కుడులో ముందు చక్రం లేవకుండా జీను ముక్కు మీదికి జరగాలి. దిగుడులో లేచి నిలబడి, ఒక్కోసారి జీను వెనక్కి, వెనక చక్రం పైదాకా ఒళ్ళు జరపాలి. రాళ్ళ మీద సైకిలును కాళ్ళ మధ్య అటూ ఇటూ ఆడనివ్వాలి. 1976లో కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫ్యాక్స్ దగ్గర రీప్యాక్ అనే దిగుడు దారిలో పాత లావు టైర్ల సైకిళ్ళతో పందేలు మొదలయ్యాయి. బ్రేకు వేసీ వేసీ వెనక హబ్బులోని గ్రీజు కాలిపోయి, దిగిన ప్రతిసారీ మళ్ళీ కూరవలసి వచ్చేది కాబట్టి ఆ దారికి ఆ పేరు వచ్చింది. ఎక్కేటప్పుడు ఎత్తుగా కావలసిన జీను దిగేటప్పుడు అడ్డమని వాళ్ళకు తొందరలోనే తెలిసింది. ఆ పందేల్లో పాల్గొన్న జో బ్రీజ్ తన మిత్రుడు జాష్ ఏంజెల్‌తో కలిసి 1980లలో హైట్-రైట్ అనే స్ప్రింగు పరికరం తయారు చేశాడు. దిగకుండానే జీనును కిందికి దించి, మళ్ళీ పైకి లేపుకునే ఉపాయమది. ఇప్పుడు చాలా మౌంటెన్ బైకులకు ఉంటున్న డ్రాపర్ పోస్టు, అంటే హ్యాండిల్ మీద మీట నొక్కితే దిగి లేచే కమ్మీ, దాని వారసురాలే.

ఈ చరిత్రలోంచి నేను తీసుకున్న పాఠం ఇది: కొండ మీద మంచి జీనుకు కూర్చోబెట్టే గుణంతో పాటు లేవనిచ్చే గుణం కూడా ఉండాలి. వెనక అంచులు గుండ్రంగా ఉండాలి. ముక్కు సన్నగా, కాస్త వంగి, వేసుకున్న నిక్కరును పట్టుకోకుండా ఉండాలి. పక్కల పైతొడుగు రాళ్ళకూ ముళ్ళకూ చిరగని గట్టిదై ఉండాలి. లావు జెల్ తొడుగు వేసిన జీనులో ఈ గుణాలన్నీ ఒకేసారి పోతాయి. పైన తొడిగిన ఆ కవరు పక్కలకు జారుతూ, లేచి మళ్ళీ కూర్చునేటప్పుడు అడ్డం పడుతుంది.

ఇక్కడే మన ఊళ్ళ పరిస్థితి గుర్తు చేసుకోవాలి. మన దగ్గర మౌంటెన్ బైకు పేరుతో అమ్ముడయ్యే సైకిళ్ళలో ఎన్ని కొండ ఎక్కుతున్నాయి? వికారాబాద్ దగ్గరి అనంతగిరి అడవి దారుల్లోకో, అరకు ఘాట్‌లోకో తీసుకెళ్ళేవాళ్ళు లేకపోలేదు. కానీ లావు టైర్లు, ముందు షాక్ అబ్జార్బర్లు చూసి గుంతల రోడ్లకు బాగుంటుందని కొని, చదునైన రోడ్డు మీద గంటల తరబడి కదలకుండా కూర్చుని తొక్కేవాళ్ళే నాకు ఎక్కువగా కనిపిస్తారు. లేచి కూర్చోవడం కోసం తయారైన జీను మీద లేవకుండా కూర్చోవడమన్న మాట. కాబట్టి జీను కొనే ముందు మన దారి ఏదో మనకే స్పష్టంగా తెలియాలి. కొండ దారైతే కదలికకు వీలైన, గట్టి, సన్నపాటి జీను. చదును దారైతే పీటెముకల కొలతకు మరింత కచ్చితంగా సరిపడి, నడుమ గాడి ఉన్న జీను. రెండూ చేసేవాళ్ళు ఎక్కువ గంటలు దేని మీద గడుపుతారో దాని ప్రకారం ఎంచుకోవాలి.

కొలత తీసుకోవడానికి ఏ నిపుణుడూ అక్కరలేదు. అట్టపెట్టె ముక్క ఒకటి చాలు. లోపల ముడతలుండే అట్ట తీసుకుని గట్టి బల్ల మీదో మెట్టు మీదో పరచండి. పల్చని నిక్కరుతో దాని మీద కూర్చుని, సైకిలు మీద వంగినంత వంగి, బల్ల అంచును చేతులతో పట్టుకుని ఒంటిని కిందికి లాక్కోండి. ఒక నిమిషం ఆగి లేచి చూస్తే అట్ట మీద రెండు గుంటలు కనిపిస్తాయి. కనిపించకపోతే టార్చిలైటు పక్క నుంచి వేయండి, నీడల్లో తేలతాయి. రెండు గుంటల నడిబిందువుల మధ్య దూరం కొలవండి. ఎక్కువమందికి అది 10 నుంచి 15 సెంటీమీటర్ల లోపు ఉంటుంది. కొండ దారిలో మామూలుగా వంగి తొక్కేవాళ్ళు దానికి సుమారు 2 సెంటీమీటర్లు, నిటారుగా కూర్చునేవాళ్ళు 3 నుంచి 4 సెంటీమీటర్లు కలుపుకుంటే జీను వెనక భాగం ఎంత వెడల్పు ఉండాలో తేలుతుంది. పేరున్న తయారీదార్లు ఒకే నమూనాను 130, 143, 155 మిల్లీమీటర్ల వంటి రెండు మూడు వెడల్పుల్లో చేస్తున్నారు. వెడల్పు చాలకపోతే ఎముకలు అంచుల బయటికి జారి బరువంతా నడిమికి వస్తుంది. ఎక్కువైతే తొడలు ఒరుసుకుంటాయి.

ఇందులో ఒక అపోహ గురించి చెప్పి తీరాలి. లావుపాటి మనిషికి పెద్ద జీను, బక్కపలచని మనిషికి చిన్న జీను అని కొట్లో అంటుంటారు. పీటెముకల దూరానికీ ఒంటి లావుకూ నేరుగా సంబంధం లేదు. కండ పెరుగుతుంది, తరుగుతుంది, ఎముకల మధ్య దూరం మాత్రం అలాగే ఉంటుంది. సగటున స్త్రీలకు ఆ దూరం కొంచెం ఎక్కువ. కానీ సగటు మనిషి ఎవరూ సైకిలు కొనడానికి రారు. వచ్చేది మీరూ నేనూ. అందుకే 'ఆడవాళ్ళ సీటు' అని గులాబీ రంగు వేసి అంటగట్టే దానికన్నా అట్టముక్క మీది రెండు గుంటలు నమ్మదగినవి.

ఇక తిమ్మిరి సంగతి. ఈ మాట ఎత్తితే ఒకవైపు భయపెట్టేవాళ్ళు, మరోవైపు నవ్వి కొట్టిపారేసేవాళ్ళు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. 1997లో అమెరికాలో బైసైక్లింగ్ అనే పత్రిక, బోస్టన్ వైద్యుడు ఇర్విన్ గోల్డ్‌స్టీన్ హెచ్చరికలను ప్రచురించినప్పుడు పెద్ద కలకలమే రేగింది. సైకిలు జీను పురుషుల లైంగిక శక్తిని దెబ్బతీస్తుందన్నది దాని సారాంశం. నడుమ గాడి ఉన్న జీనుల వెల్లువకు ఆ కలకలం బాగా తోడ్పడింది. నిజానికి స్త్రీల కోసమే సైకిళ్ళు చేసే సంస్థను 1985లో పెట్టిన జార్జీనా టెర్రీ అంతకుముందే నడుమ రంధ్రమున్న జీనులను తెచ్చింది. స్త్రీలు బాధపడినప్పుడు రేగని కలకలం మగవాళ్ళ వంతు వచ్చేసరికి రేగిందన్నది గమనించదగ్గ విషయం. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వపు వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ, సైకిళ్ళ మీద గస్తీ తిరిగే పోలీసులకు ముక్కు లేని జీనులిచ్చి ఆరు నెలలు పరిశీలించింది. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం, తొక్కేటప్పుడు తిమ్మిరి లేదన్నవాళ్ళు మొదట 27 శాతం ఉంటే చివరికి 82 శాతమయ్యారు. తిమ్మిరి ఒళ్ళు కల్పించే భ్రమ కాదనీ, జీను మారిస్తే తగ్గుతుందనీ దీనివల్ల తేలుతోంది. అయితే ముక్కు లేని జీను కొండకు పనికిరాదు. ముక్కును తొడలతో అదుముతూనే కదా మనం సైకిలును మలుపుల్లో అదుపు చేసేది!

మరి భయపెట్టేవాళ్ళ మాటో? 2018లో యూరాలజీ పత్రికలో వచ్చిన పెద్ద సర్వేలో వేలమంది మగవాళ్ళను, అంటే సైకిలు తొక్కేవాళ్ళను, ఈతగాళ్ళను, పరుగెత్తేవాళ్ళను, పోల్చి చూశారు. లైంగిక ఆరోగ్యంలో సైకిలువాళ్ళు మిగతావాళ్ళకన్నా తీసిపోలేదు. తిమ్మిరి మాత్రం వాళ్ళలోనే ఎక్కువ కనిపించింది. తొక్కే సమయంలో ఐదో వంతు కన్నా ఎక్కువసేపు నిలబడి తొక్కేవాళ్ళలో ఆ తిమ్మిరి తక్కువ. రికాబుల మీద లేచే రౌతును ఇక్కడ మరోసారి గుర్తు చేసుకోండి. సైకిలు మానేయనక్కరలేదు. కూర్చున్నచోటే పాతుకుపోకుండా పది నిమిషాలకొకసారైనా లేవడం ఏ జీనుకైనా కావలసిన అలవాటు. పైసా ఖర్చు లేనిది కూడా.

"కొన్నాళ్ళు ఓర్చుకో, అదే అలవాటైపోతుంది" అనే సలహా ఒకటి మనలో బాగా చెలామణీలో ఉంది. ఇందులో సగం నిజం, సగం ప్రమాదం. కొత్తలో పీటెముకల దగ్గర కలిగే నొప్పి అలవాటవుతుంది. వారం పది రోజులు తొక్కి, మధ్యమధ్య విశ్రాంతినిస్తే తగ్గిపోతుంది. కానీ నడిమి చోట తిమ్మిరెక్కడం, మంట పుట్టడం అలవాటు చేసుకోవలసినవి కావు. అవి ఒళ్ళు పెట్టే మొర. ఎముక నొప్పికి ఓర్పు మందు, నాడి తిమ్మిరికి మార్పు మందు అని గుర్తుంచుకుంటే చాలు. జీను మార్చినా, దిగి చాలాసేపయినా తిమ్మిరి వదలకపోతే సిగ్గు పక్కనపెట్టి వైద్యుడి దగ్గరికి వెళ్ళవలసిందే.

అయితే జీను మార్చే ముందు, దాన్ని బిగించిన తీరు చూసుకోవడం న్యాయం. ఎన్నో జీనులు చేయని నేరానికి శిక్ష అనుభవిస్తుంటాయి. ఎత్తు ఎక్కువైతే పెడలు అందక తుంటి రెండు పక్కలకూ ఊగుతుంది, ఒరుపులు మొదలవుతాయి. పెడలు అన్నిటికన్నా కిందికి వచ్చినప్పుడు మడమ దాని మీద ఆనించి చూడండి. కాలు సరిగ్గా చాపినట్టు నిలవాలి. అప్పుడు మునికాలితో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. తర్వాత వాలు. మేస్త్రీలు వాడే రసమట్టం జీను మీద పెట్టి, ముందు సమతలంగా బిగించండి. ముక్కు పైకి లేస్తే మూలాధారానికి పోటు. బాగా కిందికి వంగితే మనిషి ముందుకు జారి, బరువంతా మణికట్టుల మీద పడుతుంది. ఎక్కుళ్ళు ఎక్కువున్న దారికి ముక్కును ఒకటి రెండు డిగ్రీలు దించవచ్చు. వెనక కూడా షాక్ అబ్జార్బరున్న సైకిలైతే, మనిషి ఎక్కగానే వెనక భాగం కుంగి ముక్కు పైకి లేస్తుంది. కాబట్టి ఎక్కి కూర్చున్నాక పక్క నుంచి మరొకరి చేత చూపించుకోవాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, అదీ కొద్ది కొద్దిగా. మూడూ ఒకేసారి కదిపితే ఏది మేలు చేసిందో ఎప్పటికీ తెలియదు.

మెత్త కావలసిందే అనుకునేవాళ్ళకు నా సలహా, దాన్ని జీనుకు బదులు నిక్కరుకు వేసుకోమని. లోపల పలచని మెత్త కుట్టిన సైకిలు నిక్కర్లు దొరుకుతాయి. ఆ మెత్త ఒంటితోపాటే కదులుతుంది కాబట్టి ఒరుసుకోదు. వాటి కింద లోదుస్తులు వేసుకోకూడదు. లోదుస్తుల కుట్లే చర్మాన్ని కోసేది, నూలు బట్ట చెమటను పట్టి ఉంచేది. బిగుతు నిక్కరుతో నలుగురిలోకి వెళ్ళడం ఎబ్బెట్టనిపిస్తే పైన వదులు నిక్కరు తొడుక్కోండి. మౌంటెన్ బైకువాళ్ళలో చాలామంది ఎక్కడైనా చేసేది అదే.

ధర గురించి కూడా ఒక మాట. ఒక స్థాయి దాటాక జీనుకు పెట్టే డబ్బులో చాలా భాగం తేలికదనానికి పోతుంది. కింద ఉండే రెండు కమ్మీలు ఉక్కుకు బదులు టైటానియానివో కార్బన్‌వో అయితే కొన్ని గ్రాములు తగ్గుతాయి. పందెగాడికి ఆ గ్రాములు విలువైనవి కావచ్చు, పీటెముకలకు మాత్రం వాటి ఊసే తెలియదు. సరైన వెడల్పున్న మధ్యరకం జీను, వెడల్పు కుదరని ఖరీదైన జీనుకన్నా వెయ్యి రెట్లు మేలు.

చివరగా కొట్లవాళ్ళతో నా తగువు. సైకిలు ఫ్రేముకు చిన్నది, నడిమిది, పెద్దది అని కొలతలుంటాయి. మన ఎత్తు అడిగి మరీ ఇస్తారు. అదే సైకిలు మీద మన ఒంటిని అన్నిటికన్నా దగ్గరగా తాకే జీనుకు మాత్రం చాలా సందర్భాల్లో ఒకటే కొలత, అడిగే నాథుడే లేడు. చెప్పుల దుకాణంలో కాలి కొలత అడగని మనిషిని మనం ఊరుకుంటామా? కొట్లో ఒక మూల బల్ల, దాని మీద అట్టముక్క పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? రెండు మూడు వెడల్పుల్లో నమూనా జీనులుంచి, వారం తొక్కి నచ్చకపోతే మార్చుకునే వెసులుబాటిస్తే వాళ్ళకే నాలుగు బేరాలు పెరుగుతాయి. కొన్ని దేశాల్లో మంచి దుకాణాలు చేస్తున్న పనే ఇది. ఇక్కడ అది జరగకపోవడానికి తప్పంతా వాళ్ళదే అనను. మనం నోరు తెరిచి ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పు అని అడిగిన రోజున వాళ్ళూ టేపు తీస్తారు. మెత్తగా ఉందా అని మాత్రమే అడిగినంతకాలం మెత్తనివే అమ్ముతారు.

మిత్రులారా, మీలో సైకిలు తొక్కేవాళ్ళున్నారని తెలుసు, తొక్కి మానేసినవాళ్ళు అంతకన్నా ఎక్కువమంది ఉన్నారనీ తెలుసు. వ్యాఖ్యల్లో ఫలానా కంపెనీ జీను బాగుందని మాత్రం రాయకండి, అది మీ ఎముకలకు బాగుందని మాత్రమే అర్థం. మీ పీటెముకల దూరం, రోజుకు తొక్కే గంటలు, దారి కొండో రోడ్డో, జీను వెడల్పు, ఎన్నాళ్ళకు కుదిరిందో రాయండి. ఆడవాళ్ళు అజ్ఞాతంగానైనా సరే తప్పక రాయాలని నా ప్రత్యేక మనవి, వాళ్ళ అనుభవం తెలుగులో చదవడానికి దొరకడం చాలా అరుదు. అలాంటివి ఓ ఇరవై ముప్పై పోగయ్యాయంటే, బాల్కనీల్లో దండేలుగా మారిన సైకిళ్ళలో రెండు మూడైనా మళ్ళీ రోడ్డెక్కుతాయి.